వచ్చిందని రాసే గడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా సంతోష్‌నగర్ కాలనీలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. అయినా ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచీ వానలు ముదిరేదాకా మా ఇంటి ముందు గదిలో కుర్చీ ఖాళీగా ఉండదు. ఒక బల్ల, ఒక కంప్యూటర్, ఎప్పుడు చూసినా ఇంకు అయిపోయి ఉండే ఒక ప్రింటర్, నేను. ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టడం నా పని. చాలా ఏళ్లు ఒక ఆడిటర్ దగ్గర చేశాను. ఆయన పోయాక ఇంట్లోనే ఈ గది పెట్టుకున్నాను.

వచ్చేవాళ్లంతా ఏటా అవే ప్రశ్నలు అడుగుతారు, అదీ ఆ ప్రశ్న తమకే మొదట తట్టినట్టు. జీతంలో పన్ను కోసేసుకున్నారు కదా, మళ్లీ రిటర్ను ఎందుకు? పింఛను మీద కూడా పన్నా? పన్ను పడనప్పుడు కాగితం వేయడం దండగ కాదా? పాత పద్ధతి మంచిదా, కొత్తది మంచిదా? ఒకాయన సొంత తల్లికి ఇంటద్దె కడుతున్నానని రశీదులు తెస్తాడు. ఆ తల్లి మా గుమ్మంలోనే నిలబడి, నాకెప్పుడిచ్చినవురా అని అడుగుతుంది. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం నడిపే భాయ్ ఒకాయన తనకు ఒకటే బ్యాంకు ఖాతా అని ఒట్టేసి చెబుతాడు. కంప్యూటర్‌లో చూస్తే ఇంకో మూడు కనిపిస్తాయి. అవి నావి కావు, మా ఆవిడవి అంటాడు. వీళ్లందరి మీదా అరుస్తాను. పడతారు. చివరికి పని చేసి పంపిస్తానని వాళ్లకు తెలుసు.

ఒక్క మాస్టర్‌సాబ్ దగ్గర మాత్రం నా అరుపులు చెల్లలేదు.

ఆయన బహదూర్‌పురాలో ఒక సర్కారు బడిలో లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పొడుగ్గా, సన్నగా ఉంటారు. ఇస్త్రీ మడత చెదరని లాల్చీ, తెల్లగడ్డం. రంజాన్ వెళ్లిన వారానికి ఆయనా, ఆయన భార్యా మా ఇంటి ముందు ఆటో దిగారు. ఆమెకు మోకాళ్ల నొప్పి. మా గుమ్మానికి ఉన్న రెండు మెట్లు ఎక్కడానికే గోడ పట్టుకుని ఆగి ఆగి వచ్చింది. ఆమె రాకపోతే పని జరగదు. ఆధార్‌కు కలిపిన మాస్టర్‌సాబ్ నంబరు ఉన్న ఫోను ఆమె చేతి సంచిలోనే ఉంటుంది. రోజంతా దాంట్లో ఆమె చెల్లెళ్లతో మాట్లాడుతుంది, ఓటీపీ వస్తే చదివి చెబుతుంది.

వాళ్లొచ్చిన కారణం పన్ను శాఖ పంపిన ఒక సందేశం. గడిచిన రెండేళ్లలో మీ ఖాతాలో ఇంత వడ్డీ పడిందని బ్యాంకు చెబుతున్నది, మీ రిటర్నులో అది లేదు, సరిచూసుకోండి అని. ఆ రెండేళ్లూ వాళ్ల ఇంటి దగ్గర ఎవరో పింఛను ఒక్కటే చూపించి రిటర్ను వేసిపెట్టారట. ఇది మాకు రోజూ ఉండే గొడవే. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుంటారు, వడ్డీ సంగతి చెప్పరు. దానికి సవరించిన రిటర్ను ఒకటుంది. పాత పన్ను, దాని మీద కొంత అదనం కట్టి వేసేస్తే ముగిసిపోతుంది. గంటలో పని అనుకున్నాను.

అప్పుడాయన అసలు సంగతి చెప్పారు. ఎన్నో ఏళ్లుగా హజ్ యాత్రకు పేర్లిస్తుంటే ఈ ఏడు లాటరీలో ఇద్దరికీ వచ్చింది. వచ్చే నెల విమానం. హజ్‌కు పోయే మనిషి బాకీలన్నీ తీర్చుకుని పోవాలి. పాలవాడిదైనా బాకీయే, సర్కారుదైనా బాకీయే. ఇది తేలకుండా తాను అడుగు బయట పెట్టనన్నారు. ఆయన పోకపోతే ఆమె కూడా పోదు. ఆమె మోకాళ్లు ఈ ఏడు ఎట్లాగో నడిపిస్తాయని, వచ్చే ఏటి సంగతి తాను చెప్పలేనని డాక్టర్ ముందే అనేశాడు. ఆమె పక్క కుర్చీలో సంచి ఒళ్లో పెట్టుకుని నా మొహంకేసే చూస్తోంది.

“అయితే ఇంక ఆలోచన దేనికి సార్, వడ్డీ చూపిచ్చి పన్ను కట్టేద్దాం” అన్నాను.

“పన్ను ఎంతైనా కడ్తనమ్మా. కానీ వడ్డీ నా ఆమ్‌దనీ అని మాత్రం రాయను. అది నాది కాదు.”

వడ్డీ తినడం వాళ్లకు హరామ్. ఆ సంగతి పాతబస్తీలో పుట్టి పెరిగిన నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బంధువుల కళ్లు పడకుండా ఉంటుందని డబ్బు డిపాజిట్‌లో పెట్టుకున్నారు. మూడు నెలలకోసారి వడ్డీ పడగానే దాన్ని పైసా మిగల్చకుండా బయటికి తీసేస్తారు. ఇంట్లోకి ఉప్పు ప్యాకెట్టయినా దాంతో కొనరు. మసీదుకూ ఇవ్వరు. తాను పనిచేసిన బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లకు తలుపుల్లేవు, నీళ్ల పైపులు లేవు. ఆ డబ్బంతా వాటికే పెట్టారు. ఆ పని తాను చేసినట్టు బడిలో కూడా చెప్పుకోలేదు.

రశీదు తీసుకోలేదా అని అడిగాను. సరైన సంస్థ ద్వారా ఇచ్చి రశీదు తెచ్చుకుంటే కొందరికి పన్నులో కొంత తగ్గుతుంది. నా బుర్ర ఎప్పుడూ అటే పోతుంది.

“రశీదు ఎందుకమ్మా? అది ఖైరాత్ కాదు, దానం కాదు. దానికి పుణ్యం అడగొద్దు. గలీజు కడుక్కున్నట్టు వదిలించుకునుడు, గంతే. రశీదు తీసుకుంటే పుణ్యం కావాలె అన్నట్టే గద.”

నా తల ప్రాణం తోకకొచ్చింది. మినహాయింపు కోసం లేని రశీదులు పుట్టించే జనాన్ని చూశాను గానీ, వచ్చే రశీదును వద్దనే మనిషిని చూడటం అదే మొదలు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు బారువడ్డీ, చక్రవడ్డీ నేర్పినోళ్లు మీరే గదా సార్ అని ఎద్దేవా చేశాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. “లెక్క చెప్పుడు వేరు, తినుడు వేరమ్మా” అన్నారు.

ఆ తర్వాత ఆయనే ఒక దారి చూపించారు. పన్ను శాఖ వెబ్‌సైట్‌లో, బ్యాంకు ఇచ్చిన ప్రతి వివరం పక్కనా మన జవాబు ఎంచుకోవచ్చు. ఇది సరైనదే, ఇది వేరేవాళ్లది, ఇది రెండుసార్లు పడింది, ఇలా వరుసగా ఉంటాయి. చివర్లో, ఈ సమాచారాన్ని ఒప్పుకోను అని ఒకటుంది. ఆయన వేలు తెర మీద సరిగ్గా అక్కడ పెట్టారు. ఇది నొక్కు, నేను ఒప్పుకోను కాబట్టే గద ఇన్నేళ్లు ముట్టుకోలే అన్నారు. నేను గయ్యిమన్నాను. అది నొక్కితే బ్యాంకును అడుగుతారు, బ్యాంకు నిజమే ఇచ్చినం అంటుంది, అప్పుడు వచ్చేది సందేశం కాదు, నోటీసు అన్నాను. అబద్ధం చెప్పినోళ్లయితరు సార్ అని కూడా అన్నాను. ఆ మాటకు ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“వచ్చిందని రాసేతందుకు గడి ఉంది. పోయిందని రాసేతందుకు లేదా?” అని అడిగారు.

లేదన్నాను. ఆదాయం ఖాతాలో పడిన క్షణాన మీదే, ఆ తర్వాత మీరు దాన్ని తిన్నా, పంచినా, మూసీలో పారేసినా ఫారానికి పట్టదన్నాను. నేను చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనదే. చెప్పిన తీరు మాత్రం బాగాలేదు.

ఇంతలో ఇంకో గొడవ బయటపడింది. బ్యాంకు ఆ వడ్డీలో పన్ను ఎందుకు కోయలేదా అని చూస్తే, ఏటా ఆయన ఒక ఫారం ఇస్తున్నారు. అరవై దాటినవాళ్లు, నా మొత్తం ఆదాయం మీద పన్ను పడదు కాబట్టి కోయకండి అని బ్యాంకుకు రాసిచ్చే ఫారం అది. పింఛను, వడ్డీ కలిపితే ఆయనకు పన్ను పడుతుంది. ఆయన అది ఇవ్వకూడదు. కౌంటర్‌లో ఎవరో సంతకం పెట్టండి సాబ్ అంటే పెట్టారట, అదేంటో చదవలేదట. వయసైనవాళ్లు సగం మంది చేసే పనే ఇది. కానీ ఆయనకది మామూలు సంగతి కాదు. “అంటే ఇన్నేండ్లు నేను అబద్ధం మీద దస్తఖత్ పెట్టినన్నట్టు” అన్నారు. ఆ మొహం చూసి, ఎందుకు చెప్పానా అనిపించింది. ఇకమీదట చదవకుండా దేనిమీదా సంతకం పెట్టనని, ఆలోచించుకుని వస్తానని లేచి వెళ్లిపోయారు.

నాలుగు రోజులైనా రాలేదు. నాకేంటి, వస్తే వస్తారు లేకపోతే లేదు అనుకుంటూనే ప్రతి ఆటో చప్పుడుకూ కిటికీలోంచి తొంగి చూశాను. ఒకరోజు పొద్దున ఆయన భార్య ఒక్కతే వచ్చింది. మెట్ల మీద నేనే చెయ్యి అందించాను. ఆమె కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకున్నాక, ఆయన తిండి సరిగ్గా తినడం లేదని, హజ్ సామాను సగం సర్దిన పెట్టె అట్లాగే ఉందని చెప్పింది.

నాకొక ఉపాయం తట్టింది. రిటర్ను నేను తయారుచేసే పెట్టాను. పన్ను కట్టడమే మిగిలింది. దాన్ని ధ్రువీకరించడానికి సంతకం అక్కర్లేదు, ఫోనుకు వచ్చే ఓటీపీ చాలు. ఆ ఫోను ఆమె సంచిలోనే ఉంది. మీరు ఆ అంకెలు చెప్తే ఐదు నిమిషాల్ల అయిపోతదమ్మా, సార్‌కు తర్వాత నెమ్మదిగ చెప్పుకుందాం, హజ్ ఆగదు అన్నాను. ఆమె కోసమే అన్నాను. ఆ మోకాళ్లు చూస్తే ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది.

ఆమె సంచి జిప్పు మూసుకుంది.

“ఆయన దిల్ ఒప్పుకోకుంట నేను చెప్పనమ్మా. గట్ల పోయిన హజ్ నాకొద్దు.”

నేను ఇచ్చిన చాయ్ తాగి, సాయంత్రం ఆయన్ని తీసుకొస్తానని చెప్పి వెళ్లింది. ఆ పూట నేను వేరే పని చేయలేకపోయాను. మా నాన్న పదే పదే గుర్తుకొచ్చాడు. ఆయన పాతబస్తీలోనే ఒక గుడిలో అర్చకుడు. ఎవరైనా తమ దోషం పోవాలని శనిదానం ఇచ్చిన రోజు ఆ డబ్బును గడప దాటనిచ్చేవాడు కాదు. ప్రహరీ గోడలో ఒక గూడు ఉండేది, అందులో పెట్టి కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. మర్నాడు దాన్ని ఎవరికో ఇచ్చేసేవాడు. ఇంట్లో నూనె నిండుకుని అమ్మ సణుగుతున్నా ఆ గూడు జోలికి పోయేవాడు కాదు. మా నాన్నకే రిటర్ను వేయాల్సి వచ్చి, ఆ డబ్బు నీ ఆదాయమే అని రాయమంటే రాసేవాడా? నన్నే ఇంట్లోంచి బయటికి నడవమనేవాడు. మాస్టర్‌సాబ్ మీద నాకున్న కోపం అప్పటికి పోయింది. ఆయన కోసం ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. ఆయన కాస్త చిక్కిపోయి కనిపించారు. నేనీసారి గొంతు తగ్గించి మా నాన్న గూడు సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మంచి మనిషి అన్నారు. కానీ దాంతో ఫారంలో కొత్త గడి పుట్టదు కదా. రిటర్ను చివర్లో ఉండే ప్రమాణం ముందు చదివి వినిపించమన్నారు. తెలుగులో చెప్పాను. నాకు తెలిసినంతవరకు, నేను నమ్మినంతవరకు ఇందులో ఉన్నది నిజం, సంపూర్ణం అని.

“సంపూర్ణం ఎట్లయితది? సగమే ఉన్నది గద” అన్నారు.

అప్పుడామె ఆయన వైపు తిరిగింది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది దక్కనీలోనే. ఆ రోజు మాత్రం నాకు కూడా అర్థం కావాలనేమో తెలుగులో అడిగింది.

“బడిల ఆడపిల్లలకు పాయఖానాల తలుపులు ఎవరు పెట్టిచ్చిన్రు?”

“నేను కాదు. ఆ పైసలు పెట్టిచ్చినయి.”

“ఆ పైసలు మిస్త్రీకి ఎవరి చేతులకెల్లి పోయినయి?”

ఆయన తన చేతులకేసి చూసుకున్నారు.

“మీ చేతులకు రాంది మీ చేతులకెల్లి ఎట్ల పోయింది?” అంది. “వచ్చింది జీ. వచ్చిందని ఒప్పుకుంటే తిన్నట్టు కాదు. మీరు తినలేదని నాకెర్క, అల్లాకెర్క. గీ ఫారానికి ఎందుకు ఎర్క కావాలె?”

నోరు మూసుకుని ఉండటం నాకు చేతకాని పని. ఆ ఒక్కసారి ఉన్నాను. మాస్టర్‌సాబ్ గడ్డం నిమురుకుంటూ తెరనే చూస్తూ కూర్చున్నారు. కళ్లద్దాలు తీసి లాల్చీ కొసతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. ఆమె తన మోకాళ్ల మాటెత్తలేదు. విమానం మాటా ఎత్తలేదు. ఆ రెండూ చెప్పి అడగవచ్చు. అడగలేదు.

“వచ్చింది” అన్నారాయన చివరికి. “రాయమ్మా.”

రెండేళ్ల రిటర్నులూ ఆయన గడి గడీ చదివారు. వడ్డీ దగ్గరికి రాగానే ఆగి, బ్యాంకు కాగితంతో అంకెలు సరిచూసి, నేను చేసిన కూడికను కూడా మనసులో మళ్లీ కూడారు. పన్ను కట్టారు. ఏ బాకీ వెనక మిగలొద్దని, మొన్న ముగిసిన ఏడాదికి పడబోయే పన్ను కూడా అప్పుడే కట్టేస్తానన్నారు. ఆ లెక్క ఇంకా తేలలేదు సార్, వచ్చినంక చూద్దాం అంటే వినలేదు. తక్కువ పడొద్దు, ఎక్కువైనా పర్లేదు అని ఉజ్జాయింపు కంటే బాగా ఎక్కువే కట్టారు. ధ్రువీకరణకు ఫోను మోగినప్పుడు ఆయనే భార్యకేసి చూసి తలాడించారు. ఆమె ఒక్కొక్క అంకె ఉర్దూలో చదువుతుంటే నేను కొడుతూ పోయాను.

మర్నాడే ఆయన బ్యాంకుకు పోయి డిపాజిట్ విరగ్గొట్టి, వడ్డీ రాని కరెంటు ఖాతాలో వేసుకున్నారు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ వచ్చారు. హజ్‌కు పోయేవాళ్లు తెలిసినవాళ్లందరి ఇళ్లకూ తిరిగి, కహా సునా మాఫ్ అని అడగడం మా పాతబస్తీలో మామూలే. మాటామాటా అనుకున్నవి క్షమించమని. తెలిసినవాళ్లందరిలో పన్నులు వేసే నేను కూడా ఉంటానని మాత్రం అనుకోలేదు. గుమ్మంలో నిలబడి చేతులు జోడించారు. అరిచింది నేనైతే మీరు మాఫ్ అడుగుడేంది సార్ అన్నాను. అడిగేటోళ్లు అడుగుతరు, నువ్వు మాఫ్ చేసిన అని చెప్పాలె అన్నారు. చెప్పాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, నీ కంప్యూటర్ సతాయించొద్దని అక్కడ దువా చేస్త బేటీ అంది.

వానాకాలంలో తిరిగొచ్చాక ఆ ఏడాది రిటర్ను వేశాం. ఏ పేచీ లేకుండా జరిగిపోయింది. ఆ ముందే కట్టిన పన్ను మరీ ఎక్కువైంది కాబట్టి రిఫండ్ వస్తుందని చెప్పాను. వీధుల్లో వినాయకులు వెలిసిన రోజుల్లో ఒక సాయంత్రం ఇద్దరూ ఆటో దిగారు. ఆమె ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గోడ పట్టుకుని మెట్లెక్కింది. మోకాళ్లు ఇప్పుడు బొత్తిగా పోయాయని, నెల తిరక్కుండా ఆపరేషన్ అని నవ్వుతూ చెప్పింది. అక్కడ ఎట్ల నడిచిన్రమ్మా అని అడిగితే, నడిచిన బేటీ, అంతా నా కాళ్లతోనే నడిచిన అంది. ఖర్జూరాలు నా బల్ల మీద పెట్టింది.

మాస్టర్‌సాబ్ ఒక కాగితం తీశారు. తీసుకుని చూశాను. రిఫండ్ వచ్చింది. దాంతోపాటు, ఆలస్యమైన రోజులకు సర్కారు తన తరఫున కొద్దిగా వడ్డీ కలిపి పంపింది. అది చట్టంలో ఉన్నదే. కొద్ది రూపాయలే అయినా వడ్డీ వడ్డీయే. అయిపోయింది, మళ్లీ మొదటికొచ్చింది అనుకుని నేను సర్దిచెప్పడానికి నోరు తెరిచాను.

ఆయన చెయ్యెత్తి ఆపారు. అప్పటికే ఆ డబ్బుతో బడిలో ఒక తలుపుకు గడియ కొని బిగించి వచ్చారట.

“వచ్చే ఏడు రిటర్న్‌ల ఇది పడాలె గద, యాది పెట్టుకో” అన్నారు. “వచ్చింది రాయమ్మా. పోయింది రాసే గడి నాకు అక్కర్లేదు.”